కుడివైపు గడి

కొత్త రికార్డరుకు ఛార్జింగు పెట్టడం మర్చిపోయాను కనుక ఈ ఉదయం సొరుగు అడుగునుంచి పాతదాన్ని తీశాను. గాలి చప్పుడు పడకుండా దాని మైకు మీద నల్లటి స్పాంజి తొడుగు ఒకటి ఉంటుంది. అది చిరిగిందేమో చూద్దామని దగ్గరికి తెచ్చానో లేదో, ఎండు నెత్తళ్ళ వాసన గుప్పుమంది. ఆ వాసన పట్టి పదేళ్ళ పైమాటే. ఆ తొడుగును రెండుసార్లు సబ్బుతో ఉతికాను, ఒకసారి నిమ్మచెక్కతో రుద్దాను. వాసన పోలేదు. నా ఎదురుగా గరివిడి నుంచి వచ్చిన దంపతులు కూర్చున్నారు. వాళ్ళ మధ్య మూడేళ్ళ పాప. పాప మాట్లాడటం లేదని తీసుకొచ్చారు. విజయనగరంలో ఈ రెండు గదుల స్పీచ్ థెరపీ కేంద్రంలో నా పని, మాట రాని పిల్లల చేత మాట్లాడించడం. మాట ఎక్కువైందని మాత్రం ఎవరూ రారు. ఆ జబ్బు నాకే ఉంది గనక నేను బల్లకు ఇవతలి వైపు కూర్చున్నాను.

ఆ వాసనతో కాత్యాయని మేడమ్ గుర్తొచ్చారు. ఇది విచిత్రమే, ఎందుకంటే ఆవిడ జన్మలో చేప ముట్టినవారు కారు. తరతరాలుగా సంగీతం చెప్పుకుని బతికిన ఇల్లు వాళ్ళది. నాన్నగారు వీధి అరుగు మీద వయొలిన్ పాఠాలు చెప్పేవారట. ఆ ఇంట్లో పాట అబ్బని పిల్ల తనొక్కతేనని మేడమ్ అనేవారు. "గొంతు రాలేదు, చెవి వచ్చింది. ఆ చెవితోనే బతికాను" అనేవారు. ఊళ్ళు తిరిగి చిన్నపిల్లల మాటలు రికార్డు చేసి, రాసి, ఏ వయసులో ఏ మాట ఎలా వస్తోందో చూడటం ఆవిడ పని. పిల్లల ఆరోగ్య శిబిరాల్లో ఎవరి పేరు పక్కనైనా 'మాట్లాడదు' అని పడితే, ఆ బిడ్డను చూసి నిజమో కాదో తేల్చి చెప్పే బాధ్యత కూడా ఆవిడదే. ఆవిడ దగ్గర నేను సహాయకుడిగా చేరాను. సహాయం ఎవరు ఎవరికి చేశారన్నది మీరే చదివి తేల్చండి.

చేరిన మొదటి రోజునే చీవాట్లు తిన్నాను. రికార్డింగులో ఒక పిల్లవాడు "నా కాలులు కాలుతున్నాయి" అన్నాడు. నేను నవ్వాను. మేడమ్ రికార్డరు ఆపారు.

"ఎందుకు నవ్వావు సూర్యం?"

"కాళ్ళు అనాలి కదండీ. కాలులు అన్నాడు."

"వాడికి కాలులు అని ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పి ఉండరండి."

"మరి ఎక్కడిది? పూలు, ఆవులు, పిల్లలు అంటుంటే విని, ఒకటి కంటే ఎక్కువైతే చివర ఏం తగిలించాలో వాడంతట వాడు కనిపెట్టాడు. కనిపెట్టినదాన్ని కాలుకి తగిలించి చూశాడు. నువ్వు కాళ్ళు అన్నావంటే బట్టీ పట్టావని అర్థం. మీ ఇద్దరిలో బుర్ర వాడినవాడెవడు?"

పిల్లల తప్పును చూసి నవ్వడం నాకు ఆ రోజుతో పోయింది. నా తప్పులు చూసి నవ్వుకోవడం మాత్రం అలవాటైంది. సరుకు కూడా ఎక్కువే.

ఆవిడ పని పద్ధతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మొదటిది, ప్రతి రికార్డింగునూ పొడుగాటి పుస్తకంలో రెండు గడులుగా రాయాలి. ఎడమ గడిలో బిడ్డ నోటి నుంచి ఏం వచ్చిందో అది రావాలి. మనకు అర్థమైంది కాదు, వచ్చింది. కుడి గడిలో ఆ సమయంలో చుట్టూ ఏం జరుగుతోందో రాయాలి. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, కుక్క మొరిగిందా, పాలు పొంగాయా, అన్నీ. ఎడమ గడి నిండితే నాకు ఆనందం, కుడి గడి నిండితే ఆవిడకు ఆనందం. రెండోది, బిడ్డను ఏదైనా అడిగాక ఆదితాళం ఒక ఆవర్తనం ఆగాలి. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. అంతవరకూ నోరు మెదపకూడదు. "బిడ్డకు మాట వెతుక్కోవడానికి ఆపాటి సమయం పడుతుంది. మనం రెండో వేలు దగ్గరే ఇంకో ప్రశ్న వేస్తాం. పాపం అది వెతుకుతున్నది కింద పడేసి కొత్తది వెతకడం మొదలుపెడుతుంది" అనేవారు. నాకప్పటికి తాళం అంటే తలుపుకు వేసేదే తెలుసు. నోటికి కూడా వేసేదొకటి ఉందని అక్కడ తెలిసింది.

నూకాలు సంగతి నేను చేరిన ఏడాదికి వచ్చింది. పూసపాటిరేగ దాటాక సముద్రం ఒడ్డున ఒక చేపలపేట. అంగన్‌వాడీలో బరువులు తూచడానికి వచ్చినవాళ్ళ ముందు మూడేళ్ళ నూకాలు నోరు విప్పలేదట. పేరు జాబితాలో పడింది. మేము అవునంటే ఆ పిల్లను పట్నంలోని ప్రత్యేక కేంద్రానికి పంపుతారు. అంటే రోజూ బస్సు. అంటే తల్లి పైడమ్మ చేపల గంప దించేసి బిడ్డతో తిరగాలి. దానికి మించింది ఇంకొకటి ఉంది. పైడమ్మ అన్నకు పుట్టుకతో మాట లేదు. కాగితం మీద మేము ఒక్క ముక్క రాస్తే, పేటలో ఆ తల్లి మీద, బిడ్డ మీద అది పచ్చబొట్టు. మేడమ్ నన్ను పంపుతూ "వారం రోజులు చూసి రా. తొందరపడకు" అన్నారు. ఆ రెండో మాట నాకు వినిపించినట్టు లేదు.

రికార్డింగు శుభ్రంగా రావాలన్నది అప్పట్లో నా పిచ్చి. సముద్రం ఒడ్డున పగలంతా గోల. అందుకని మొదటి బస్సు పట్టుకుని, ఇంకా ఎండ ఎక్కకముందే వాళ్ళింటికి చేరేవాణ్ణి. ఆ వేళ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో చెప్పలేను. పైడమ్మ చప్పుడు చెయ్యకుండా గిన్నెలు తీసేది. అత్తగారు పోలమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను బొమ్మల అట్టలు తీసి "ఇదేమిటి? ఇదెవరు? ఇది ఏం చేస్తోంది?" అని అడిగేవాణ్ణి. పిల్ల కళ్ళు బొమ్మ మీద ఉండేవి, నోరు మూసి ఉండేది. ఆరు రోజుల్లో ఆరు మాటలు రాలేదు. వచ్చినవి కూడా గుసగుసలు. ప్రశ్న అన్నది ఒక్కటీ లేదు. మూడేళ్ళ పిల్ల 'ఏది', 'ఎందుకు' అనకుండా ఉందంటే అది చిన్న విషయం కాదని పుస్తకాల్లో చదివాను. పైడమ్మ నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ "నువ్వెల్లినాక బాగానే మాటాడతాది బాబూ. నోరు మూయమన్నా మూయదు" అంది. తల్లులందరూ ఇలాగే అంటారని రాసుకున్నాను.

ఐదో రోజున ఎండెక్కి నేను బయల్దేరుతుంటే పోలమ్మ అడిగింది. "ఏటి బాబూ, మా గుంట మూగదా ఏటి?"

"మూగ అనకూడదండీ. మాట ఆలస్యం అంటారు" అన్నాను, మర్యాద నేర్పుతున్నట్టు.

ఆవిడ కోడలి వైపు తిరిగింది. "ఇన్నావేటే? మీ అన్న పోలిక వొచ్చీసింది. పెల్లినాడే సెప్పినాను నాను, ఆ ఇంటి గుంట మనకొద్దురా అనీసి."

పైడమ్మ ఇత్తడి చెంబు ఒకటి తోముతూ ఉండిపోయింది. అప్పటికే అది తళతళలాడుతోంది.

ఏడో రోజున రాతలన్నీ మేడమ్ బల్ల మీద పెట్టాను. నా నివేదిక పైన ఉంది. ఆవిడ దాన్ని పక్కకు తీసి రికార్డింగు పెట్టమన్నారు. కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళు ఆడిస్తూ విన్నారు.

"ఇది ఎవరి గొంతు?"

"నాదేనండి."

"ఇది?"

"అదీ నాదే."

"రెండో వేలు దాటి ఎక్కడైనా ఆగావా? ఆ పాప భాష సంగతేమో గాని, నీ భాష మీద మాత్రం ఒక పుస్తకం రాయొచ్చు సూర్యం." రికార్డరు ఆపి, "పాప మాట్లాడలేదు, సరే. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. వాళ్ళ మాటేది?" అన్నారు.

నేను ఆలోచించని ప్రశ్న అది. ఆవిడ నా పుస్తకంలో కుడి గడులు చదవడం మొదలుపెట్టారు. చాలావాటిలో 'విశేషం లేదు' అని ఉంది. మూడో రోజు దగ్గర వేలు ఆగింది.

"'తండ్రి బయల్దేరి, గుమ్మం దాటి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. సంబంధం లేదు.' ఎవరికి సంబంధం లేదు? నీకా, ఆయనకా?"

ఆ చోటు వెతికి పెట్టాను. ముందు అడుగుల చప్పుడు. తరవాత హుషారుగా నా గొంతు. "ఎక్కడికండీ, వేటకేనా? ఎన్నింటికి వస్తారు?" ఆ వెనక ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. చివర పోలమ్మ ఊపిరి ఒకటి పొడుగ్గా వినిపించింది. మేడమ్ ఆ ముక్కను మూడుసార్లు విన్నారు.

"సూర్యం, మీ ఇంట్లో పిల్లలు ఎప్పుడు మాట్లాడకూడదు?"

"మా ఇంట్లో అలాంటి పట్టింపులేం లేవండి. కొత్తవలసలో మా ఇల్లు రైలుకట్టకు ఆనుకునే ఉంటుంది. కిరండూల్ నుంచి ఇనపరాయి గూడ్సు వస్తున్నప్పుడు మాత్రం..." అని ఆగిపోయాను.

గూడ్సు వస్తే మా ఇంట్లో అందరూ ఎక్కడి మాట అక్కడే ఆపేవాళ్ళం. అమ్మ గరిటె గాల్లో పట్టుకుని నిలబడేది. పెట్టెలన్నీ దాటాక, ఆపిన ముక్క దగ్గరనుంచే అందుకునేది. అది ఒక అలవాటని కూడా మాకు తెలియదు. అప్పుడెవరైనా వచ్చి నా మాటలు రికార్డు చేసి ఉంటే? మేడమ్ ఆ ప్రశ్న అడగలేదు. తొడ మీద ఒక ఆవర్తనం వేసి ఊరుకున్నారు. నాకు ఎనిమిది అక్కర్లేకపోయింది, నాలుగుకే తెలిసింది. సద్దులేని వేళ చూసుకుని వెళ్ళి, ఆ ఇంట్లో సద్దు లేదని ఫిర్యాదు రాసుకొచ్చాను.

మర్నాడు ఇద్దరం పది గంటల బస్సులో వెళ్ళాం. దిగగానే ఎండలో ఆరబెట్టిన చేపల వాసన. మేడమ్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. నేను జేబురుమాలు తీయబోతే "ముక్కు మూసుకున్నావంటే ఎదుటివాళ్ళ నోరు మూసుకుంటుంది" అన్నారు. తెప్పలు అప్పుడే ఒడ్డుకు వస్తున్నాయి. పోలమ్మ, పైడమ్మ వల దగ్గర చేపలు ఏరుతున్నారు. అట్టలు తియ్యొద్దని మేడమ్ కళ్ళతోనే చెప్పారు. రికార్డరును నేను నెత్తళ్ళ గంప అంచున పెట్టాను. ఆ స్పాంజికి ఆ యోగం అప్పుడు పట్టింది. నూకాలు తిరగేసిన గంప మీద ఎక్కి కూర్చుని ఉంది.

"మామ్మా, ఇదేటి?"

"సావిడాయి సేప."

"ఎందుకలగ పొడుగున్నాది?"

"ఈదీ ఈదీ సాగిపోనాది."

"నాను ఈదితే సాగిపోతానా?"

"ముందు కూడు తిను. అప్పుడు సూద్దుం."

"అయ్య ఎందుకు తడిసిపోనాడు? ఈ బాబెందుకొచ్చినాడు? మల్లీ బొమ్మలట్టుకొచ్చీసినాడా? ఈయమ్మెవులు?"

ఆ పిల్ల వేసిన ప్రశ్నలు లెక్కపెట్టడానికి నా వేళ్ళూ మేడమ్ వేళ్ళూ కలిపినా చాలలేదు. నేను ఇసకలోకి చూస్తూ నిలబడ్డాను. మేడమ్ పోలమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగారు. "పొద్దుటపూట పాప ఇలా మాట్లాడదేం పోలమ్మా?"

"పొద్దుట మాటాడకూడదమ్మా. తెప్ప మూడో కెరటం దాటీదాకా మా ఇంట్లో ఎవులూ ఏటీ అడక్కూడదు. ఎల్లేవోణ్ణి ఎక్కడికనీ, ఎప్పుడొస్తావనీ అడిగితే సముద్రం ఇంటాది."

"ఈ బాబు అడిగాడు కదా మరి?"

"అడిగినాడు. ఆ రోజు మావోడు ఎల్లనేదు. ఎనక్కొచ్చీసి కూకున్నాడు, పొద్దల్లా కూకున్నాడు. సదువుకున్న బాబు, ఏటంతాం?" ఆవిడ నా వైపు చూడకుండానే చెప్పింది. "ఆ అట్టలట్టుకొని ఇదేటి అదేటని మా గుంటనడగతంటే నా గుండి దడదడలాడీది. దీనికి నోరిప్పితే పెస్నే వొస్తాది. అందుకే ఈపు మీద సెయ్యేసి అదిమిపెట్టీదాన్ని."

ఆ చెయ్యి నా పుస్తకంలో ఉంది. 'నాయనమ్మ పాప వీపు ప్రేమగా నిమురుతోంది' అని రాశాను.

నేను మేడమ్ దగ్గరికి వెళ్ళి, నివేదిక కొట్టేసి కొత్తది రాసిస్తానన్నాను. "కాగితం మీద కొట్టేస్తే కాగితం వరకే. నోటితో అన్నదాన్ని నోటితోనే తియ్యాలి" అన్నారు. పది మంది ఆడవాళ్ళు వలల దగ్గర ఉన్నారు. నేను గొంతు సవరించుకున్నాను. రైలుకట్ట పక్క పెరిగిన గొంతు, సవరించనక్కర్లేదు నిజానికి.

"పోలమ్మగారూ, ఆ రోజు నేను చెప్పింది తప్పండీ. మీ మనవరాలికి మాట ఆలస్యం లేదు. వయసుకి తగ్గ మాటలు అన్నీ ఉన్నాయి. రాకూడని వేళలో వచ్చి నేనే తప్పుగా రాసుకున్నాను."

"అయితే ఆలస్యం మా గుంటకి కాదా?"

"కాదండీ."

"నీకే అన్నమాట. పోన్లే బాబూ, సిన్నోడివి. నీకూ వొస్తాదిలే మాట."

వలల దగ్గర అందరూ నవ్వారు. పైడమ్మ నవ్వలేదు. చేతిలో చేప కింద పెట్టి లేచి నిలబడింది.

"మా అన్న పోలికన్నావు కదత్తా. ఇందరి ముందరా సెప్పు ఇప్పుడు."

పోలమ్మ తల ఎత్తలేదు. నవ్వులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దాన్ని పూడ్చాలని నాకు నాలుక దురద పెట్టింది. 'పోనిద్దురూ, తప్పంతా నాది' అనబోయాను. మేడమ్ నన్ను చూశారు. గంప అంచు మీద ఆవిడ చెయ్యి చప్పుడు లేకుండా దెబ్బ వేసింది. ఒక వేలు, రెండో వేలు, మూడో వేలు. నేను పళ్ళు బిగించి చూస్తూ ఉండిపోయాను. ఒక కెరటం వచ్చి వెళ్ళింది. ఆఖరి విసురు ఇంకా గాల్లో ఉండగా పోలమ్మ అంది.

"నోరు జారీసినానే. తప్పు నాదే. మీ అన్న బంగారం నాంటోడు. కూకో, సేపలు పాడైపోతాయి."

పైడమ్మ కూర్చుంది. చేప తీసుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులకు పొలుసులు అడ్డం వచ్చాయి కాబోలు, భుజంతో తుడుచుకుంది.

తిరుగు బస్సులో, పాత నివేదిక చింపెయ్యాలా అని అడిగాను. వద్దు, కొత్తదాని వెనక కుట్టి ఉంచమన్నారు. తరవాత కిటికీలోంచి చూస్తూ, "నేను పనిలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడికి ఇలాగే రాసి సంతకం పెట్టాను. ఒక పూట చూసి రాశాను. తప్పు రాశానేమోనని ఏడాది తరవాత తట్టింది. వాళ్ళు ఊరు మారిపోయారన్నారు. వెతకాల్సింది. వెతకలేదు" అన్నారు. నేను ఏదో ఓదార్పు చెప్పబోయి, మొదటిసారి నా అంతట నేనే ఎనిమిది లెక్కపెట్టాను. ఎనిమిది అయ్యేసరికి చెప్పడానికేమీ లేదని తెలిసింది. ఊరుకున్నాను. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న పాఠాల్లో, తప్పులు లేకుండా అప్పజెప్పింది అదొక్కటే.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. ఆవిడ పొడుగాటి పుస్తకాలు కొన్ని నా బీరువాలో ఉన్నాయి. ఈ కేంద్రం పెట్టినప్పుడు పిల్లల వివరాలు రాసే పత్రం నేనే తయారు చేశాను. పేరు, వయసు కంటే ముందు మొదటి గడిలో ఒక ప్రశ్న ఉంటుంది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి, అచ్చుతప్పేమో అన్నట్టు నా మొహం చూస్తారు. ఈ ఉదయం గరివిడి దంపతులను కూడా అదే అడిగాను.

"మీ ఇంట్లో పాప ఎప్పుడు మాట్లాడకూడదు?"

"అలాగేటీ నేదు సార్" అన్నాడు తండ్రి వెంటనే.

బల్ల కింద నా చెయ్యి తొడ మీద పడింది. ఒక వేలు. రెండు. మూడు. ఆరో లెక్క దగ్గర తల్లి గొంతు వినిపించింది. "ఈయనకి ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ సార్. పగలల్లా పడుకుంటారు. ఒకటే గది మాది. పాప నోరిప్పితే నానే నోటికి సెయ్యి అడ్డమెడతాను."

తండ్రి భార్య వైపు చూశాడు, తరవాత తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ మాట కుడి గడిలో రాసుకున్నాను. కారణం అదేనని అనుకోవడం లేదు. పాప చెవులు పరీక్ష చేయించాలి, సెలవు రోజున వాళ్ళింటికి వెళ్ళి వినాలి. ఒక పూటలో తేల్చే పని కాదు.

ఈలోగా పాప బల్ల మీదికి చెయ్యి చాచి రికార్డరు స్పాంజిని పట్టుకుంది. వాసన చూసింది. ముక్కు ముడిచి నా వైపు చూసింది. "ఏంటమ్మా అది?" అని అడిగాను. తల్లి జవాబు అందించబోయింది, వద్దని చెయ్యి చూపించాను. ఎనిమిదీ అయిపోయాయి. పాప నోరు విప్పలేదు. కానీ స్పాంజి వదల్లేదు. మళ్ళీ మొదటి దెబ్బ నుంచి మొదలుపెట్టాను.